తెర యంచున సొరుగు

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేయు పనివారిని మీరెల్లరు నెరుగుదురు. నిత్యము వాడు పనిముట్టు చేతికందునట్లుండవలెను. కాని చెక్కుచున్న కొయ్యకు అడ్డము రాకూడదు. కంప్యూటరు తెరపై నీ రెండు కోరికలు పొసగుటకు చాలకాలము పట్టినది. ఆ చరిత్రను మనవి చేయుదును.

మొదట తెరపై బొమ్మలు లేవు. ఏ పని కావలెనన్నను దాని పేరు అక్షరము తప్పకుండ ఇంగ్లీషులో టైపు చేయవలసియుండెను. పేరు మరచినచో యంత్రము మూగయే. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చేతితో జరుపు ‘మౌస్’ను సభలో చూపెను. 1981లో జిరాక్స్ సంస్థవారి స్టార్ యంత్రమున తెరయే వ్రాతబల్ల యయ్యెను; కాగితములు, దస్త్రములు దానిపై బొమ్మలై నిలిచెను. ఇక కంఠస్థము చేయ నక్కరలేదు, చూచి గుర్తించిన చాలును. నా మతమున పెద్దమలుపు ఇదియే; తక్కినవి మెరుగులు.

అయితే బొమ్మలు పెరిగినకొలది బల్లపై చోటు చాలదయ్యెను. స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ సంస్థ 1988లో ప్రకటించిన యంత్రమున, ముఖ్యమైన బొమ్మలు తెర కుడియంచున వరుసగా నిలిచినవి. దానికి ‘డాక్’ అని పేరు. 1995లో వెలువడిన విండోస్ 95 నందు క్రిందియంచు పట్టీని దాచియుంచవచ్చును. మౌస్ గుర్తు అంచును తాకగనే యది పైకి జారివచ్చును.

ఇట్టి జారు సొరుగును కట్టుట మాయ కాదు. లోపల నొక జాబితా యుండును: పని పేరు, దాని బొమ్మ, ఆ పని యంత్రములో నున్న చోటు. మౌస్ గుర్తు అంచును చేరగనే సొరుగు కొంచెము కొంచెముగా, సెకనుకు పలుమార్లు, ముందుకు జరుపబడును. ఒక్కసారిగా ప్రత్యక్షమైనచో అదెక్కడనుండి వచ్చినదో కంటికి తెలియదు. జారుట యందుకే, సొగసునకు కాదు. బొమ్మను నొక్కగా సొరుగు ఆపరేటింగ్ సిస్టమునకు కబురంపి యా పనిని మొదలిడును. వెనుకకు పోవుటకు ముందు కొంత వ్యవధి నుంచవలెను. లేనిచో వణకు చేయి దారితప్పిన క్షణముననే సొరుగు మాయమగును. నేర్పరులైన పడుచువారు తమ చేతికి సరిపడునట్లు కట్టి, ఈ సంగతి మరతురు.

ఇక భాష. యూనికోడ్ అను అక్షరసంకేతముల పట్టికలో 1991 నుండియే తెలుగునకు చోటు కలదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు అక్షరరూపము వచ్చినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంఘమువారు ఆపరేటింగ్ సిస్టమునే తెలుగున సిద్ధపరచిరి. అయినను అడంగలు కొరకు పోయిన రైతు, బల్ల కావలనున్న కుర్రవాని ముఖమే చూచుచు నిలుచుట నేను పలుమార్లు కంటిని. తన భూమి లెక్క యే బొమ్మ వెనుక నున్నదో యతనికి తెలియదు. బొమ్మ పెద్దదై, క్రింద ‘అడంగలు’ అని తెలుగున నుండి, సొరుగు నెమ్మదిగా మూతపడునదైనచో, ఆ బొమ్మను తానే నొక్కగలడు. ఇందుకు క్రొత్తయంత్ర మక్కరలేదు. జాబితాలో పేరును, రెండు అంకెలను మార్చిన చాలును.