మెదడులో చీముగడ్డ: కత్తి నుంచి సూది దాకా

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు దవాఖానాల దారులు కొత్త కాదు. జ్వరమైతే నల్లకుంట కోరంటి (ఫీవర్ దవాఖానా), చెవీ ముక్కూ గొంతైతే కోఠి ఈఎన్‌టీ, ప్రాణం మీదికొస్తే ముషీరాబాద్ గాంధీ, లేదంటే అఫ్జల్‌గంజ్ ఉస్మానియా. మెదడులో చీముగడ్డ అనే జబ్బు ఈ గడపలన్నీ తొక్కించగలదు.

దాని పుట్టుక చాలాసార్లు తలలో కాదు, చెవిలో. ఏళ్ల తరబడి కారే చెవిని పట్టించుకోకపోతే చీము చెవి వెనక ఎముకను తొలుచుకుంటూ మెదడును చేరుతుంది.

1876లో గ్లాస్గోలో సర్జన్ విలియం మెక్యూవెన్ ఒక కుర్రాడి లక్షణాలను బట్టే మెదడులో గడ్డ ఎక్కడుందో చెప్పారు. ఆపరేషన్‌కు ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. పిల్లవాడు చనిపోయాక చూస్తే చీము సరిగ్గా అక్కడే ఉంది. 1893లో ఆయన ప్రచురించిన లెక్క నేటికీ అబ్బురమే: మెదడు గడ్డలకు 19 ఆపరేషన్లు చేస్తే 18 మంది బతికారు. స్కానింగులు, యాంటీబయాటిక్స్ లేని రోజులవి!

ఆనాటి మత్తుమందు క్లోరోఫాం. దాని భద్రత తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు పనిచేసింది మన హైదరాబాద్‌లోనే, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదన్న వాళ్ల తీర్మానం తర్వాత తప్పని తేలింది. కానీ రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న వాళ్ల పట్టుదల మాత్రం ముమ్మాటికీ సరైనదే.

1926లో సర్జన్ వాల్టర్ డాండీ గడ్డలోకి సూది దించి చీము లాగే పద్ధతిని ముందుకు తెచ్చారు. 1940లలో పెన్సిలిన్ వచ్చింది. 1949లో వెల్లూరులో జాకబ్ చాందీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి న్యూరోసర్జరీ మొదలుపెట్టారు. అసలు మలుపు 1971లో తొలిసారి రోగికి తీసిన సీటీ స్కాన్. ఇప్పుడు పుర్రెకు రూపాయి బిళ్లకన్నా చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టం దించి, సిరంజితో చీము లాగుతారు. అందులో కొంత ల్యాబ్‌కు పంపుతారు. ఏ సూక్ష్మజీవో తేలితే దానికి తగిన మందు వారాల పాటు సాగుతుంది.

మెదడుకు దారి చెవి ఒక్కటే కాదు, ముక్కు కూడా. 2021 మేలో కొవిడ్ వెంట బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు కోఠి ఈఎన్‌టీ దవాఖానా తెలంగాణకు నోడల్ కేంద్రమైంది. ఫంగస్ ముక్కు నుంచి మెదడుకు ఎక్కకముందే కుళ్లిన కణజాలాన్ని కోసి తీసేయడమే అక్కడి సర్జన్ల పోరాటం.

చెవి కారుతుంటే నూనె పోసి ఊరుకోకండి, కోఠికి వెళ్లండి. ఆ చెవితో పాటు జ్వరం, విడవని తలనొప్పి, వాంతులు, మత్తు, ఫిట్స్‌లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.