పొదుగుట

కోడి గ్రుడ్లను పొదుగును. కంసాలి ఉంగరమున కెంపును పొదుగును. ఒకటి కప్పి కాచుట, వేరొకటి ఇముడ్చి నిలుపుట అయినను, లోనిదానిని విడిచిపోనీయని ఆదరము రెంటను కలదని నా తలపు. వర్డు పత్రమున ఎక్సెల్ షీటును చేర్చుటకు ఈ క్రియకంటె ఉచితమైనది వేరొండు లేదు. ఏలయన, లంకె వేసిన షీటునకు మూలఫైలు చోటు మారినంతనే ఆ లంకె తెగునుగాని, పొదిగిన షీటు పత్రముతోడనే పయనించును. అట్టి షీటునకు మారుగా ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ ‘ఎంబెడ్’ అను సంకేతము గోచరించినచో, రత్నము రాలిపోయెనని చింతిల్లవలదు. లోపలి సంకేతము పైకి తేలినదంతే. ఆల్ట్, ఎఫ్ 9 మీటలను ఒక్కపరి కలిపి నొక్కుడు. షీటు మరల దర్శనమిచ్చును.