లిఫ్టు ముందు వరుస

1967 జులై 30. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం. పొద్దు వాలుతోంది. చెసపీక్ అఖాతం నీళ్లు ఎర్రబడ్డాయి. ఒడ్డుకు కాస్త దూరంలో ఒక తెప్ప తేలుతోంది. దాని అంచున పదిహేడేళ్ల అమ్మాయి. పేరు జానీ ఎరిక్సన్. హైస్కూలు చదువు అప్పుడే అయిపోయింది. గుర్రపుస్వారీ అంటే ప్రాణం. ఈత మంచినీళ్లప్రాయం. లోతెంతో చూసుకోలేదు. దూకేసింది.

తల అడుగున దేనికో ఠప్పున తగిలింది. ఒళ్లంతా జివ్వుమంది. అంతే. చేతులు ఆడిద్దామనుకుంది. ఆడలేదు. కాళ్లు తన్నుదామనుకుంది. తన్నలేదు. మొహం కిందికి ఉంది, చుట్టూ మసక నీళ్లు. ఊపిరి బిగబట్టింది. ఇంకెంతసేపు బిగబట్టగలదు?

అక్క ఒడ్డు వైపు తిరిగి ఉంది. చెల్లెలు దూకడం చూడనేలేదు. సరిగ్గా అప్పుడే ఒక పీత ఆమె కాలివేలు కొరికింది. పీతలున్నాయి జాగ్రత్త అని చెప్దామని వెనక్కి తిరిగింది. జానీ లేదు. నీళ్ల మీద పచ్చటి జుట్టు తేలుతోంది. ముందురోజే జానీ జుట్టుకు బంగారు రంగు వేసుకుంది. వేసుకోకపోయి ఉంటే ఆ మసకలో కనబడేదే కాదు. అక్క నీళ్లు చీల్చుకుంటూ వచ్చి పైకి లాగింది. జానీ ఎగశ్వాసతో గాలి మింగింది. బతికింది. అక్క భుజం మీద ఒక చెయ్యి వేలాడుతోంది. అది తన చెయ్యేనని చూస్తే తప్ప ఆమెకు తెలియలేదు.

మెడలో నాలుగో, అయిదో వెన్నుపూసల దగ్గర విరిగింది. ఆస్పత్రిలో జుట్టు గొరిగేశారు. డ్రిల్లు చప్పుడు చెవిలో పడుతుండగానే పుర్రెకు రెండు వైపులా ఇనప కొక్కేలు బిగించారు. రెండు కాన్వాసు గుడ్డల మధ్య పడుకోబెట్టి పట్టీలు కట్టారు. కొన్ని గంటలు పైకప్పు చూస్తూ, కొన్ని గంటలు నేల చూస్తూ. మనిషిని దోసె తిరగేసినట్టు తిరగేసేవాళ్లు. నడుస్తానా అని అడిగింది. ఎవరూ సూటిగా చెప్పలేదు.

ఆ మౌనంలోనే మొదటి అనుమానపు పురుగు దూరింది. ప్రమాదానికి కొన్నాళ్ల ముందు ఆమె ఒక ప్రార్థన చేసింది, తనను ఇంకా దగ్గరికి తీసుకోమని. ఇదా దానికి జవాబు? ఇంత చిన్న ప్రార్థనకే ఇలా చేసే దేవుణ్ణి ఇంకేం అడగాలి? అడగడం మానేసింది. స్నేహితురాలు చూడ్డానికొస్తే, చచ్చిపోవడానికి సాయం చెయ్యమని బతిమాలింది. ఆ పిల్ల ఏడ్చింది కానీ ఒప్పుకోలేదు. చావడానికి కూడా ఇంకొకరి చేతులు కావాలి.

స్నేహితులు వచ్చి మంచం పక్కన కూర్చుని బైబిలు చదివేవాళ్లు. ఒక చోట ఆమె మనసు ఆగిపోయింది. యోహాను సువార్త అయిదో అధ్యాయం. యెరూషలేములో బేతెస్ద కోనేరు, దాని చుట్టూ అయిదు మంటపాలు, వాటి నిండా రోగులు, వాళ్ల మధ్య 38 ఏళ్లుగా పడివున్న ఒక మనిషి. యేసు అంతమందిని దాటుకుంటూ వచ్చి ఆ ఒక్కడి దగ్గర ఆగాడు. రాత్రి దీపాలార్పాక జానీ కళ్లు మూసుకుని ఆ మంటపంలోకి వెళ్లేది. తానూ ఒక చాప మీద పడుకుని ఉంది. ఆయన అటుగా వస్తున్నాడు. ప్రభువా, నన్ను దాటిపోకు. తెల్లారగానే కళ్లు తెరిచి ముందు వేళ్ల వైపు చూసేది.

వేళ్లు కదల్లేదు. రెండేళ్లు గడిచాయి. వీల్‌చైర్‌లో ఇంటికొచ్చింది.

1972 వేసవి ఆరంభం. వాన పడుతోంది. ఊళ్లోని చిన్న ప్రార్థనాలయం. యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చెప్పినట్టే చేశారు. సంఘ పెద్దలు చుట్టూ నిలబడ్డారు. తల మీద చేతులుంచారు. నుదుటికి నూనె రాశారు. ఇంటివాళ్లు, స్నేహితులు మోకరించారు. ఈసారి జానీ మనసులో రవ్వంత అనుమానం లేదు. బయటికొచ్చేసరికి వాన వెలిసింది. ఆకాశంలో ఇంద్రధనుస్సు. ఇంతకన్నా గుర్తు ఇంకేం కావాలి? స్నేహితులకు ఫోన్లు చేయించింది. మళ్లీ మీరు నన్ను చూసేటప్పటికి నా కాళ్ల మీద నిలబడి ఉంటానంది.

వారం గడిచింది. ఇంకో వారం. వేళ్లకు కబురందలేదు.

స్వస్థత సభలకూ వెళ్లింది. ఆ రోజుల్లో అమెరికాలో ఆ సభలంటే ముందు వినిపించే పేరు కాథ్రిన్ కూల్మన్. వాషింగ్టన్ హిల్టన్ హోటల్‌లో ఆమె సభ. అక్క తీసుకెళ్లింది. హాలు కిటకిటలాడుతోంది. వీల్‌చైర్లన్నిటినీ ఒక పక్కకు చేర్చారు. సంగీతం మొదలైంది. వేదిక మీదికి కూల్మన్ వచ్చింది. ఉన్నట్టుండి స్పాట్‌లైటు వెలుగు ఒక మూలకు దూకింది, అక్కడెవరో బాగయ్యారు. చప్పట్లు ఆగకముందే వెలుగు ఇంకో మూలకు పరిగెత్తింది, అక్కడా ఎవరో లేచారు. హాలంతా హల్లెలూయలతో ఊగిపోతుంటే జానీ గుండె దడదడలాడుతోంది, ఇటు వస్తుంది, ఈ వరుసలోకి వస్తుంది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో నా మీద పడుతుంది అని కళ్లు ఆ వెలుగుకే అతికించి కూర్చుంది.

వెలుగు రాలేదు. వలంటీర్లు వచ్చారు. సభ ముగిశాక తొక్కిసలాట అవుతుందని వీల్‌చైర్లను ముందే బయటికి నడిపించారు.

లిఫ్టు ముందు వరుస కట్టింది. వీల్‌చైర్లు, చంకకర్రలు. జానీ వరుస మధ్యలో ఎక్కడో ఇరుక్కుంది. లోపలి నుంచి పాట ఇంకా వినబడుతోంది. ఇక్కడ ఎవరూ మాట్లాడ్డం లేదు. ముందుకు చూసింది. వెనక్కి చూసింది. అందరికన్నా ఎక్కువ అవసరమున్నవాళ్లే అందరికన్నా ముందు బయటపడ్డారు. ఇందులో ఏదో తేడా ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ల ప్రార్థనను కాదనే రక్షకుడు ఎలాంటి రక్షకుడు? వెంటనే రెండో ప్రశ్న పొడిచింది. తప్పు ఆయనది కాకపోతే మరి తనదా? తన విశ్వాసమే చాలలేదా?

ఆ రెండో ప్రశ్నే ఎక్కువ కాల్చింది. దాచుకున్న పాపమేదన్నా ఉందా అని తవ్వుకుంది. పట్టు సడలిందా అని తడుముకుంది. తన విశ్వాసం ఎన్ని తులాలుందో రోజూ తూచుకోవడంలో ఆమె ప్రార్థన ప్రార్థనలా మిగల్లేదు. కళ్లు వేళ్ల మీదో, కొలత మీదో. విశ్వసించాల్సినవాడి మీద తప్ప.

ఆమె ఇంట్లో బైబిలు తెరిచి కూర్చునే కుర్రాడొకడున్నాడు. స్టీవ్ ఎస్టెస్. పరిచయమయ్యేనాటికి హైస్కూలు పిల్లాడు. సానుభూతి చూపించేవాడు కాదు. ఆమె వాదిస్తే వాక్యం తీసి ముందు పెట్టేవాడు. స్వస్థత విషయంలో జానీని కదిలించిన భాగం మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. కపెర్నహూములో ఒక సాయంత్రం ఊరు ఊరంతా తలుపు దగ్గర పోగైంది. యేసు చాలామందిని బాగుచేశాడు. తెల్లారకముందే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థనలో ఉన్నాడు. శిష్యులు వెతుక్కుంటూ పరిగెత్తారు. జనం మళ్లీ వచ్చారు, అందరూ నీ కోసమే చూస్తున్నారు అన్నారు. ఆయన వెనక్కి రాలేదు. పక్క ఊళ్లకు వెళ్దాం, అక్కడా సువార్త చెప్పాలి, వచ్చింది అందుకే అన్నాడు.

జానీ అక్కడ ఆగిపోయింది. అంటే ఆ పొద్దున కపెర్నహూములోనూ ఒక వరుస మిగిలిపోయింది. రోగులు, మంచాలు, మోసుకొచ్చినవాళ్లు. వాళ్ల విశ్వాసం తక్కువని అక్కడ ఎక్కడా రాసిలేదు. వాళ్ల నొప్పి ఆయనకు పట్టలేదనీ లేదు. ఆయన వచ్చిన పని వేరే ఉంది. మరి తన ఒంట్లో ఆయన ముందు బాగుచెయ్యాలనుకున్నది వెన్నెముక కాకపోతే?

జవాబు ఒక్కరోజులో రాలేదు. ఏడుపులూ ఆగలేదు. కానీ తూకం పక్కన పడేసింది. పునరావాస కేంద్రంలో ఉన్నప్పుడు పళ్ల మధ్య కలం పెట్టుకుని గీయడం నేర్చుకుంది. ఆ బొమ్మలు జనం ముందుకొచ్చాయి. 1976లో ఆత్మకథ వచ్చింది. 1979లో సినిమా; అందులో జానీగా జానీయే నటించింది. అదే ఏడు వికలాంగుల కోసం ‘జానీ అండ్ ఫ్రెండ్స్’ సంస్థ పెట్టింది. 1982లో కెన్ టాడాతో పెళ్లి. 1990 జులైలో అధ్యక్షుడు బుష్ వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం పెడుతుంటే అక్కడున్నవాళ్లలో ఆమె ఒకరు. వీల్‌చైర్ మాత్రం వదల్లేదు.

1998. యెరూషలేము. గాలి పొడిగా వీస్తోంది. శిథిలాల మధ్య ఒక కమ్మీ. కింద ఎండిన రాళ్లు, మెట్లు. బేతెస్ద. మూడు దశాబ్దాల కిందట రాత్రిళ్లు కళ్లు మూసుకుని వచ్చిన చోటు. కోనేట్లో ఇంకా నీళ్లున్నాయేమో చూసొస్తానని కెన్ కమ్మీ దాటి కిందికి దిగాడు. జానీ కమ్మీకి చెయ్యి ఆనించింది. ఇక్కడే తనను దాటిపోవద్దని ఆయన్ని వేడుకుంది. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు కాదన్నందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పింది. ఆ ‘కాదు’ లేకపోతే తన లోపలి కోపం, మొండితనం, స్వార్థం ఎప్పటికీ చికిత్సకు దొరికేవి కావంది.

అక్కడితో పరీక్షలు ఆగాయా? లేదు. ఎడతెగని నొప్పి పట్టుకుంది. 2010లో రొమ్ము క్యాన్సర్. 2018లో మళ్లీ. స్వస్థత కోసం అడగడం ఆమె మానలేదు. ఆపరేషన్ చేయించుకుంది, కీమోథెరపీ చేయించుకుంది, ప్రార్థించమని నలుగురికీ చెప్పింది.

స్వస్థత గురించి ఆమె 2010లో వెలువరించిన పుస్తకంలో ఒక సంఘటన ఉంది. ఒక యువకుడు ఆమె వీల్‌చైర్ దగ్గరికొచ్చాడు. మీ కోసం ప్రార్థిస్తానన్నాడు. ఆమె సంతోషించింది. వెంటనే అసలు ప్రశ్న వేశాడు. మీ జీవితంలో పాపమేదైనా అడ్డుగా ఉందేమో చూసుకున్నారా? లేదంటే విశ్వాసం చాలలేదేమో? హిల్టన్ లిఫ్టు ముందు ఆమెను కాల్చిన ప్రశ్నే, ఇప్పుడు ఇంకొకరి నోట.

జానీ తడబడలేదు. ఒక కథ గుర్తుచేసింది. పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చారు. గుంపులో దారి దొరక్క ఇంటి కప్పు విప్పి, మంచంతో సహా యేసు ముందు దించారు. ఆయన ఎవరి విశ్వాసం చూశాడు? మంచం మీదున్నవాడిది కాదు, మోసుకొచ్చిన స్నేహితులది. కాబట్టి బాబూ, దేవుడు నన్ను ఈ కుర్చీలోంచి లేపాలనుకుంటే అందుకు నీ విశ్వాసమే వాడుకోవచ్చు. బరువు నా మీద లేదు, నీ మీదే ఉంది. గట్టిగా నమ్ముతూ ఉండమని అతనికే పని అప్పజెప్పింది.