స్నేహం నేర్పాల్సింది ఎవరికి? కొడిమ్యాల బడుల సందర్భంలో ఆటిజం పిల్లల దోస్తీలపై ఒక పరిశీలన

ఆటిజం ఉన్న పిల్లవానికి దోస్తులు లేరని తల్లి బాధపడితే మన దగ్గర వచ్చే సలహా సాధారణంగా ఒకటే. ముందు స్పీచ్ థెరపీ చేయించండి, ఎదుటివాళ్ల మొహం చూసి మాట్లాడటం నేర్పించండి, ఆ తర్వాత దోస్తులు వాళ్లే అవుతారు. జగిత్యాల జిల్లా కొడిమ్యాల వంటి మండలంలో ఈ సలహా పాటించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. తండ్రి గల్ఫ్‌లోనో, సిరిసిల్ల మరమగ్గాల మీదనో ఉంటాడు. ఇంటి పనితోపాటు బీడీలు చుట్టే తల్లికి వైకల్య సర్టిఫికెట్ కోసం తిరగడమే పెద్ద పని. ఇక వారం వారం థెరపీ కోసం పిల్లవాణ్ణి బస్సెక్కించి పట్నానికి తీసుకుపోవడం ఎన్ని ఇండ్లలో సాధ్యం? అయితే ఈ సలహాతో అసలు చిక్కు దూరాభారం కాదు. థెరపీ ముందు, స్నేహం తర్వాత అన్న వరుసకే పరిశోధనల్లో తగిన బలం లేదు. స్నేహం విషయంలో మొదటి పాఠం తోటి పిల్లలకు చెప్పాలన్నది ఈ వ్యాసం వాదం.

దీనికి మొదట ఎదురయ్యే అభ్యంతరం పాతది: ఈ పిల్లలకు ఒంటరితనమే ఇష్టం కదా! 1943లో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ పదకొండు మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన వ్యాసం ఏకాంతాన్ని ఆటిజానికి ముఖ్య లక్షణంగా నిలబెట్టింది. ఆ ముద్ర ఇప్పటికీ పోలేదు. కానీ 2000లో పరిశోధకులు నిరిట్ బామింగర్, కొనీ కసారి ప్రచురించిన అధ్యయనంలో, మాటలు బాగా వచ్చిన ఆటిజం పిల్లలు తోటివారి కన్నా ఎక్కువ ఒంటరితనాన్ని అనుభవిస్తున్నట్టు తేలింది. గోడవారగా నిలబడ్డ పిల్లవాడు ఆట వద్దనుకున్నాడా, ఆటలోకి ఎట్లా పోవాలో తెలియక ఆగిపోయాడా అన్నది చూపుతో తేల్చలేం. ఒంటరిగా ఉండాలనుకునే సమయాన్ని గౌరవించాల్సిందే. అయితే పిలుపు అందిన పిల్లవాడే దాన్ని కాదనగలడు.

మొదటి పాఠం తోటి పిల్లలకే అన్న వాదానికి గట్టి ఆధారం 2012లో కసారి బృందం ప్రచురించిన పరిశోధన. మామూలు బడుల్లో చదివే 6 నుంచి 11 ఏళ్ల వయసున్న 60 మంది ఆటిజం పిల్లలను యాదృచ్ఛికంగా నాలుగు గుంపులుగా విభజించారు. కొందరికి నేరుగా నైపుణ్యాలు నేర్పారు. కొందరి విషయంలో ఆ పిల్లలకు బదులు తరగతిలోని ముగ్గురు తోటి పిల్లలకు శిక్షణ ఇచ్చారు. కొందరికి రెండూ జరిగాయి, కొందరికి ఏదీ లేదు. శిక్షణ అంతా కలిపి ఆరు వారాలు, వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున. తోటి పిల్లలకు నేర్పిన చోట ఆటిజం పిల్లలు తరగతి స్నేహవలయంలో ముందుకు వచ్చారు, వాళ్లను దోస్తుగా పేర్కొన్నవారు పెరిగారు, ఆటస్థలంలో ఒంటరిగా గడిపే సమయం తగ్గింది. ఈ మార్పు పన్నెండు వారాల తర్వాత కూడా నిలిచింది. దోస్తుగా ఎవరో పేరు చెప్పినంత మాత్రాన రెండు వైపులా స్నేహం కుదిరినట్టు కాదన్నది నిజమే. అయినా స్నేహానికి ముందు ఉండాల్సిన చోటు, అంటే గుంపులో ఒక స్థానం, అక్కడ ఏర్పడింది.

ఎందుకిట్లా జరుగుతుంది? ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త డామియన్ మిల్టన్ 2012లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది: అర్థం చేసుకోలేకపోవడం ఒక్క వైపు లోపం కాదు, అది ఇద్దరి మధ్య ఉన్నది. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం పెద్దలతో ఒకరి నుంచి ఒకరికి సమాచారం చేరవేయించి చూసింది. అందరూ ఆటిజం ఉన్నవారైన వరుసలోనూ, అందరూ ఆటిజం లేనివారైన వరుసలోనూ సమాచారం దాదాపు సమానంగా నిలిచింది. రెండు రకాలవారినీ కలిపిన వరుసలోనే ఎక్కువగా జారిపోయింది. 2017లో నోవా సాసన్ బృందం ఇంకో కోణం చూపింది. ఆటిజం ఉన్నవారిని కొన్ని క్షణాలు చూసి, విని వేసిన అంచనాల్లో విముఖత కనిపించింది. అవే మాటలు కాగితం మీద చదివినప్పుడు అది పోయింది. అంటే చెప్పిన విషయం వల్ల కాదు, చెప్పిన తీరు కొత్తగా ఉండటం వల్లే జనం దూరం జరుగుతున్నారు. కొత్తదనం అలవాటుతో పోతుంది. అలవాటు కావాల్సింది చుట్టూ ఉన్నవాళ్లకు.

ఇవన్నీ విదేశాల లెక్కలు, కొడిమ్యాలకు ఎట్లా సరిపోతాయని అడగవచ్చు. కసారి పరిశోధనలోని పిల్లలు మామూలు తరగతుల్లో నెట్టుకురాగలిగినవాళ్లు. మాటలు అసలే రాని పిల్లలకు దాన్ని యథాతథంగా వర్తింపజేయలేం. అయితే పల్లెబడికి ఉన్న వసతి ఒకటి పట్నపు బడికి తక్కువ. ఇక్కడ బడిలో కలిసేవాళ్లే సాయంత్రం వాడకట్టులోనూ కలుస్తారు. ఆట ఎంపికలో మాత్రం జాగ్రత్త కావాలి. చిర్రగోనెలో చిర్ర ఎటు ఎగురుతుందో తెలియదు, నియమాలపై తగువులు మధ్యలోనే మొదలవుతాయి. అష్టాచెమ్మాలో గడులు కళ్లముందే ఉంటాయి, వంతు ఎవరిదో స్పష్టం. ముందేం జరుగుతుందో తెలిస్తే కుదుటపడే పిల్లవానికి ఇదే తగిన ఆట. బతుకమ్మ ఆటలో వలయం, అడుగు, చప్పట్లు మళ్లీ మళ్లీ అవే. నోరు విప్పకుండానే అందులో కలవవచ్చు. శబ్దం సహించలేని చెవులకు పెద్ద పెద్ద డీజే స్పీకర్లు నరకమే. ఆ స్పీకర్లు పెట్టకముందే వాడలో పిల్లలతో ఆడించవచ్చు.

తోటి పిల్లలపై బరువు మోపుతున్నామా, వాళ్లను కాపలాదారులను చేస్తున్నామా అన్న అభ్యంతరం మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "పాపం, వాణ్ణి చూసుకో" అని ఒక్కరికే అప్పగిస్తే అది సేవ అవుతుంది, దోస్తీ కాదు. అందుకే ఒక్కరు కాకుండా ముగ్గురు నలుగురు ఉండాలి. ఆ పిల్లవానికి ఇష్టమైన పనినే, బస్సుల నంబర్లైనా బొమ్మలు గీయడమైనా, అందరూ కలిసే పనిగా చేయాలి. ఏ పిల్లవాని పేరూ ఎత్తకుండా తరగతి మొత్తానికి నేర్పాలి: జవాబు కోసం కొంచెం ఆగడం, మళ్లీ పిలవడం, వెక్కిరించేవాణ్ణి ఆపడం. టీచరుకు తీరిక లేదన్నది నిజమే. కానీ కసారి బృందం వాడింది వారానికి నలభై నిమిషాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాల రిసోర్స్ పర్సన్లు ఆ నలభై నిమిషాలను కేంద్రం గదిలో కాకుండా బడిలో, ఆట పీరియడ్‌లో గడపాలి. థెరపీ వద్దని ఎవరూ అనరు. మాట వచ్చేదాకా దోస్తీ ఆగాలనడమే అన్యాయం.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని తన 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. దాని 16వ సెక్షన్ ప్రకారం బడి ఆ పిల్లవానికి చదువుతోపాటు ఆటపాటల అవకాశం కూడా మిగతావారితో సమానంగా ఇవ్వాలి. కాబట్టి కొడిమ్యాల ప్రధానోపాధ్యాయులూ, మండల విద్యాధికారీ రిజిస్టరులో పేరు ఎక్కించడంతో ఆగకూడదు. ఆట బెల్లు కొట్టాక ఆ పిల్లవాడు ఎవరితో ఉన్నాడో కూడా చూసి రాసుకోవాలి.