చాక్లెట్ సొరుగు నుంచి చల్లని పెట్టె దాకా

పోయిన మే నెలలో ఒంగోలులో పెళ్ళి ఉంటే హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరాం. నేను, మా వారు, పిల్లలిద్దరు, అత్తయ్య. అత్తయ్య రోజూ రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటారు. ఆ పెన్ను ఎక్కడ పెట్టాలా అని నేను చూస్తుంటే, మా వారు డ్యాష్‌బోర్డులో ఉన్న గ్లోవ్ బాక్స్ తెరిచి, లోపలున్న చిన్న నాబ్ తిప్పి, "ఇందులోకి ఏసీ గాలి వస్తుంది. ఫ్రిజ్ లాంటిదే, పెట్టెయ్" అన్నారు. పెట్టేశాను.

పిడుగురాళ్ళలో ఆడపడుచు ఇంట్లో భోజనానికి ఆగాం. అరగంటలో బయల్దేరదాం అనుకున్నది కబుర్లతో రెండు గంటలయింది. కారు వీధిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉంది. మళ్ళీ ఎక్కేటప్పుడు ఎందుకో అనుమానం వచ్చి పెట్టె తెరిచి పెన్ను పట్టుకుంటే, పొయ్యి పక్కన పెట్టిన గరిటె పట్టుకున్నట్టు వెచ్చగా తగిలింది. ఆ మందు ఇక వాడే ధైర్యం చేయలేదు. ఒంగోలు చేరాక మూడో మందుల షాపులో అదే రకం దొరికింది. అప్పటిదాకా, తొమ్మిదిన్నర వరకు, అత్తయ్య విస్తరి ముందు కూర్చోకుండా ఆగారు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధేసింది.

ఇంటికొచ్చాక ఆ పెట్టె సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది. అసలు దాన్ని ఎవరు, ఎందుకు పెట్టారు? అందులోకి గాలి ఎలా వచ్చింది? చదువుతూ పోతే అదో పెద్ద కథ. అందులో మొదట కనిపించింది ఒక ఆడమనిషే.

ఆమె పేరు డొరోతీ లెవిట్. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళు కారు నడపడమే వింతగా చూసే రోజుల్లో పందేల్లో పాల్గొన్న మనిషి. 1909లో ఆడవాళ్ళ కోసం "ద వుమన్ అండ్ ద కార్" అనే పుస్తకం రాసింది. ఇంజిన్ ఎలా తిప్పాలి, నూనె ఎప్పుడు పోయాలి, కారు ఆగిపోతే ఎక్కడ చూడాలి, అన్నీ అందులో ఉన్నాయి. సీటు కింద ఉండే చిన్న సొరుగు గురించి కూడా ప్రత్యేకంగా చెప్పింది. అందులో ఏమేం పెట్టుకోవాలంటే శుభ్రమైన చేతి తొడుగులు, చేతి రుమాలు, ముసుగు, పౌడరు, పిన్నులు, చిన్న అద్దం, కొన్ని చాక్లెట్లు! ఆ అద్దాన్ని ముఖం చూసుకోవడానికే కాదు, అప్పుడప్పుడు పైకెత్తి పట్టుకుని వెనకాల ఏ బండి వస్తోందో చూడటానికీ వాడమంది. వెనక చూసే అద్దాలు కార్లలో మామూలు కాకముందు మాట ఇది.

చేతి తొడుగులు సోకు కోసం కాదు. అప్పటి కార్లకు చాలావాటికి పైకప్పు లేదు, పక్కన అద్దాలు లేవు. చలిగాలి నేరుగా చేతులకు కొట్టేది, నూనె, దుమ్ము అంటుకునేవి. అందుకే తొడుగులు, వాటికో చోటు. ఆ చోటు మెల్లగా సీటు కింద నుంచి డ్యాష్‌బోర్డులోకి వచ్చి మూత పెట్టించుకుంది. తొడుగులు ఎప్పుడో పోయాయి, పేరు మాత్రం గ్లోవ్ బాక్స్‌గానే మిగిలింది. మన ఇళ్ళలో పోపుల డబ్బాలో బొత్తాలు, సూదులు పెట్టుకుని ఇంకా పోపుల డబ్బా అనే పిలుస్తాం చూడండి, అలా.

తెరిచిన కారులో ఆ సొరుగుకు గాలి గురించి ఆలోచించే అవసరం రాలేదు. చిక్కంతా కారు మూసుకున్నాక మొదలైంది. 1920ల మొదట్లో అమెరికాలో ఎక్కువ కార్లు తెరిచి ఉండేవే. ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి ఎక్కువ కార్లకు గట్టి పైకప్పు, తలుపులకు అద్దాలు వచ్చేశాయి. వాన, దుమ్ము తగ్గాయి కానీ లోపల ఉక్క పెరిగింది. 1933లో జనరల్ మోటార్స్ కార్లలో ముందు తలుపు అద్దం పక్కన ఒక చిన్న ముక్కోణపు అద్దం పెట్టారు. దాన్ని కాస్త తిప్పితే లోపలి గాలి బయటికి లాగేసుకుంటుంది. మన అంబాసిడర్లలో, పద్మినీల్లో ఉండేది ఆ రకం అద్దమే. చిన్నప్పుడు ముందు సీటు కోసం మనం తగువులాడుకున్నది సగం దాని కోసమే కదా.

ఆ తర్వాత అసలు మలుపు 1964 చివర్లో వచ్చింది. బ్రిటన్‌లో ఫోర్డ్ వాళ్ళు కోర్టినా కారుకు కొత్త ఏర్పాటు చేశారు. డ్యాష్‌బోర్డు రెండు చివరలా ముఖానికి ఎదురుగా గాలి వచ్చే గుండ్రటి రంధ్రాలు, వెనక అద్దం పక్క స్తంభాల దగ్గర గాలి బయటికి పోయే సందులు. దానికి ఏరోఫ్లో అని పేరు పెట్టారు. అద్దాలన్నీ మూసి ఉన్నా కారు కదులుతుంటే తాజా గాలి ముందు నుంచి వచ్చి వెనక నుంచి వెళ్ళిపోతుంది. ఆ పద్ధతి పాకాక ముక్కోణపు అద్దాల పని అయిపోయింది.

ఇందులో ఉన్న కిటుకు మనకు కొత్త కాదు. ఒక గదికి ఒకటే కిటికీ ఉంటే గాలి ఆడదు, ఎదురుగా ఇంకోటి ఉండాలి. ఉల్లిపాయలు మూత డబ్బాలో పోస్తే నాలుగు రోజుల్లో కుళ్ళుతాయి, చిల్లుల బుట్టలో అయితే నెల ఉంటాయి. మా అమ్మమ్మ వంటింట్లో జాలీ బీరువా ఉండేది. నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు చీమల కోసం, నాలుగు వైపులా జాలీ గాలి కోసం. పాలు, పెరుగు అందులోనే. గాలి రావడానికి దారి ఉంటే చాలదు, పోవడానికీ దారి ఉండాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, ఆవిడకే తెలుసు.

ఇక చల్లదనం సంగతి. కారులో ఏసీ మొదట కంపెనీ నుంచే అమర్చి అమ్మింది అమెరికాలో ప్యాకార్డ్ వాళ్ళు, 1940 మోడల్‌కు. అది డిక్కీలో సగం చోటు తినేసింది. దాన్ని పూర్తిగా ఆపాలంటే కారు ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. రెండేళ్ళకే మానేశారు. 1954లో నాష్ కంపెనీ వేడి గాలి, చల్ల గాలి, బయటి గాలి మూడింటినీ కలిపి కారు ముందు భాగంలోనే ఇమిడ్చింది. అక్కడి నుంచి ఏసీ డ్యాష్‌బోర్డు వెనక్కి చేరి స్థిరపడింది. నేటికీ చాలా కార్లలో గాలిని చల్లబరిచే భాగం గ్లోవ్ బాక్స్ వెనకాలే ఉంటుంది. సర్వీసింగ్‌లో ఏసీ ఫిల్టరు మార్చడానికి ఆ పెట్టెను ఊడదీయడం చూసే ఉంటారు.

అందుకే చల్లని పెట్టె అనేది పెద్ద యంత్రమేమీ కాదు. వెనకాల ఉన్న చల్లగాలిలోంచి వేలంత లావు గొట్టం ఒకటి పెట్టెలోకి తెస్తారు. దాని మూతిని తెరవడానికి, మూయడానికి ఒక నాబ్. లోపలికి వచ్చిన గాలి సాధారణంగా మూత చుట్టూ ఉన్న సన్నని సందుల్లోంచి బయటికి పోతుంది. ఆ సందులు లేకుండా బిగించేస్తే గాలి లోపలికే రాదు. గొట్టం మరీ లావు చేస్తే మనకు తగలాల్సిన చల్లదనం పెట్టెకు పోతుంది. చల్లబడిన పెట్టెను కోస్తా ఊళ్ళలో తెరిస్తే బయటి తేమ లోపలి వస్తువుల మీద చెమటలా పట్టి, ఆర్‌సీ కాగితాలు మెత్తబడతాయి. చిన్న పెట్టే కానీ, అమర్చేవాళ్ళకు ఇన్ని తలనొప్పులు. ఇది చాలదన్నట్టు 1998 మోడళ్ళ నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ డ్యాష్‌బోర్డులోనే కూర్చుంటుంది కాబట్టి పెట్టెకు ఉన్న చోటు ఇంకా తగ్గింది.

మరి ఆ పెట్టెల్లో ఆడవాళ్ళు ఏం పెట్టుకుంటారని ఆ కంపెనీల వాళ్ళు అనుకున్నారో తెలుసా? 1955లో అమెరికాలో డాడ్జ్ కంపెనీ "లా ఫామ్" అని ఆడవాళ్ళ కోసమే ఒక కారు తెచ్చింది. గులాబీ రంగు. ముందు సీటు వీపులో గులాబీ హ్యాండ్‌బ్యాగ్ పట్టే అర, అందులో లిప్‌స్టిక్, పౌడరు, దువ్వెన. ఇంకో సీటు వెనక గొడుగు, వానకోటు. రెండేళ్ళలో మూలపడింది. 1957 క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్‌లో అయితే గ్లోవ్ బాక్స్ లోపల అయస్కాంతానికి అంటుకునే గ్లాసులు ఇచ్చారు, కారుతో పాటు సెంటు సీసా కూడా. లిప్‌స్టిక్‌కు, సెంటుకు చోటు దొరికింది గానీ పిల్లాడి పాలసీసాకు, ముసలమ్మ మందుకు చోటు ఎవరికీ తోచలేదు.

2004లో వోల్వో వాళ్ళు జెనీవాలో ఒక నమూనా కారు చూపించారు. దాన్ని తయారు చేసిన జట్టులో నిర్ణయాలు తీసుకున్నవాళ్ళంతా స్త్రీలే. వాళ్ళు మొదట చేసిన పనుల్లో ఒకటి, గేరు రాడ్డును, హ్యాండ్ బ్రేకును రెండు సీట్ల మధ్య నుంచి తీసేసి, ఆ జాగాలో తాళాలకు, ఫోనుకు, కింద హ్యాండ్‌బ్యాగ్‌కు చోటు చేయడం. రోజూ బ్యాగు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళకే తోచే ఆలోచన అది. ఆ కారు అమ్మకానికి రాలేదు. రెండేళ్ళకు డాడ్జ్ కంపెనీయే క్యాలిబర్ అనే కారులో నాలుగు సీసాలు పట్టే చల్లని అరను పెట్టి అమ్మింది. మన దగ్గర 2010 చివర్లో వచ్చిన టయోటా ఎటియోస్‌లో 13 లీటర్ల చల్లని గ్లోవ్ బాక్స్ ఉండేది. 2019లో మన పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన కియా సెల్టోస్‌లోనూ ఈ సదుపాయం ఉంది. ఇప్పుడు మధ్యతరగతి కార్లలో కూడా ఇది మామూలైపోయింది.

అంతా బాగుంది. మరి మా పెన్ను ఎందుకు వేడెక్కింది?

కారు ఆపగానే ఏసీ ఆగిపోతుంది. ఆ క్షణం నుంచి అది చల్లని పెట్టె కాదు, ఉత్త పెట్టె. పైన డ్యాష్‌బోర్డు, దాని పైన ముందు అద్దంలోంచి పడే ఎండ. 2005లో అమెరికన్ వైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో, బయట 22 నుంచి 36 డిగ్రీలు ఉన్న రోజుల్లో కూడా ఆపిన కారులో గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. 2018లో అరిజోనాలో చేసిన ఇంకో పరిశీలనలో, గంటసేపు ఎండలో నిలిపిన కార్లలో డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరింది. నీడలో నిలిపినా 48. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను మామూలుగా 30 డిగ్రీలు దాటకూడదు. ఇక లెక్క మీరే చూసుకోండి.

తప్పు పెట్టెది కాదు. అది కారు నడుస్తున్నంతసేపు తన పని తాను చేసింది. ఫ్రిజ్ కాని దాన్ని ఫ్రిజ్ అనుకున్నది మేం. మంచినీళ్ళ సీసా, పిల్లల చాక్లెట్లు, పండ్ల ముక్కలు దారిలో పెట్టుకోవడానికి అది బంగారంలాంటి చోటు. మందుకు మాత్రం కాదు. మందు మనిషితో పాటు కారు దిగాలి. పసిపిల్లల విషయంలో, ముసలివాళ్ళ విషయంలో అయితే చెప్పనే అక్కర్లేదు, ఐదు నిమిషాలే కదా అని కూడా ఆగిన కారులో వదలకండి.

ఇప్పుడు అత్తయ్య పెన్ను కోసం నీళ్ళలో నానబెట్టి వాడే గుడ్డ సంచి కొన్నాం. పై గుడ్డలో తడి ఆరుతూ ఉంటే లోపల చల్లగా ఉంటుంది, అచ్చం మట్టి కూజా లెక్క. మొదటి ప్రయాణంలో అలవాటు కొద్దీ దాన్నీ గ్లోవ్ బాక్స్‌లో పెట్టబోయాను. అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపారు.

"తడి ఆరాలంటే గాలి ఆడాలి కదే అమ్మాయ్, పెట్టెలో పెట్టి మూస్తే కూజాని ట్రంకుపెట్టెలో దాచినట్టే" అంటూ తన ఒళ్ళో పెట్టుకున్నారు. పెట్టెలోకి చాక్లెట్లు వెళ్ళాయి. డొరోతీ చెప్పినట్టే.