పోరుమామిళ్ల శాసనము: నీటి మాటలు

సుస్థిర జీవనము, పరీవాహక ప్రాంతము, భూగర్భజల పునర్భరణము అను మాటలు నేడు పత్రికలలోను, ప్రసంగములలోను తఱచుగా వినవచ్చుచున్నవి. పొలము గట్టున నిలిచిన రైతునకు ఇవి పరాయి మాటలవలె తోచుట సహజము. కాని కర్నూలు, కడప సీమల వారికి వీని యర్థము క్రొత్తది కాదు; అది 600 ఏండ్లకు పూర్వమే ఇచ్చట రాతిపై నెక్కినది.

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక సంస్కృత శాసనము కలదు. క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరినుండి పాలించుచు, అనంతరాజసాగరమను చెరువును నిర్మించి దీనిని వేయించెను. దినమునకు 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేయగా రెండేండ్లు పట్టినదని అందు కలదు.

మంచి చెరువునకు వలసిన 12 అంగములను, తగని 6 దోషములను ఈ శాసనము లెక్కించినది. ధర్మబుద్ధిగల రాజు, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి యేరు, కొండల నడుమ కట్ట, చేరువనే రాతిగని, పని నేర్చిన వారు అంగములలో కొన్ని. ఇక దోషములు: కట్టనుండి నీరు కారుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ తాబేటి వీపువంటి మెరక, నీరు కొంచెమై పారవలసిన నేల విస్తారమగుట, నేల కొంచెమై నీరు మిక్కుటమగుట.

మూడవ దోషమును చూడుడు. సరిగా 600 ఏండ్లకు, 1969లో, కృష్ణాజలముల పంపిణీకై రాష్ట్రముల నడుమ తగవు తీర్చుటకు బచావత్ ట్రిబ్యునలు ఏర్పడవలసి వచ్చెను. ఐదవ దోషమును తప్పించుకొనుటయే సుస్థిరత: ఉన్న నీటికి తగిన ఆయకట్టు, తగిన పైరు. పరీవాహక ప్రాంతమనగా ఏ నేలపై పడిన వాన మన చెరువునకు దిగివచ్చునో ఆ నేల యంతయు. చెరువు నిండినపుడు దిగువ బావులలో ఊట పెరుగుటయే పునర్భరణము.

కట్టినంత మాత్రమున చెరువు నిలువదు. చెరువు కట్టి కాపాడువారికి దశబంధ మాన్యము లుండెడివి. ఆయకట్టు రైతులు కూడి పూడిక తీయు ఆచారమునకు కుడిమరామత్తు అని పేరు. ఈ వాడుక శ్రమను చేయించుటకు 1858లో మద్రాసు రాజధానికి చట్టము చేయబడెననగా, ఆనాటికే ఆ కట్టుబాటు సడలెనని మేము తలంచుచున్నాము. బలవంతపు పని దానిని తిరిగి నిలుపజాలలేదు. మాట మిగిలినది, పని తప్పినది. పిదప చెరువులలో పూడిక పేరుకొనగా, బోరుబావులు లోతునకు దిగినవి.

కావున క్రొత్త మాట వినినపుడెల్ల దానిని మన యూరి చెరువుకట్టపై నిలిపి మూడు ప్రశ్నలు వేయుదము: నీరెంత? నేల యెంత? మరామత్తు ఎవరిది? వీనికి బదులు దొరకినచో ఆ మాట మనకు అర్థమైనట్లే.