నంగలి సీమ వేటవిల్లు

హొయసల శాసనములలో విష్ణువర్ధనుని రాజ్యమునకు తూర్పు పొలిమేరగా పేర్కొనబడినది మన నంగలి కనుమ. వేటకు పేరొందిన బోయలను కన్నడమున బేడరులందురు. బోయయువకుడగు తిన్నని కథను 16వ శతాబ్దమున ధూర్జటి ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము’న తెలుగు చేసెను.

తిన్నని వంటి పిల్లవానికి మొదట ఎట్టి విల్లు తగును? బిగువైన విల్లు గొప్పయని తోచును. కాని లాగి నిలుపలేనిచో గురి కుదురదు. చేయి వణకక అల్లెత్రాటిని చెంపదాక లాగనిచ్చునదే తగిన విల్లు. అమ్ము చేతి పొడవునకు సరిపోవలెను. పొట్టిదైనచో లాగునప్పుడు వింటినుండి జారి చేతిని గాయపఱచును. కొనకు అలుగు, నిలకడకు గరి. ఇక ముంజేతికి తోలుపట్టీ, వ్రేళ్లకు తొడుగు, వీపున అమ్ములపొది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. నేడు అడవిమృగముల వేట నేరము. విల్లు మాత్రము క్రీడగా నిలిచియున్నది. మన బిడ్డలు బడిలో కన్నడము చదువుకొని ఇంట తెలుగు మాటలాడువారు. వారికి విలువిద్య నేర్పించువారు అల్లెత్రాడు, అలుగు, గరి, పొది అను పేర్లతోనే నేర్పింతురుగాక యని మేము కోరుచున్నాము. వస్తువును చేతబట్టిన బిడ్డ దాని పేరును మఱువడు.